జెడ్డా నుంచి దెలీలా దాకా: ఒక ఆదివాసీ పిల్ల ప్రేమకు ఉన్న చరిత్ర

ఆ సినిమాలో హీరో గంటా నలభై నిమిషాల్లో పలికేది ఒకే ఒక్క మాట. అది వాడి పేరు. అది కూడా నత్తి మీద, ఒక్కో అక్షరాన్నీ లోపలి నుంచి తోడి తెచ్చుకుంటున్నట్టు. హీరోయిన్ కాస్త మాట్లాడుతుంది గానీ ప్రేమ గురించి ఒక్క ముక్క అనదు. ఇద్దరూ టీనేజి పిల్లలు. ఆస్ట్రేలియా నడిమధ్య ఎర్రమట్టి ఎడారిలో నాలుగు రేకుల ఇళ్లున్న ఆదివాసీ పల్లె వాళ్లది. అయినా దాన్ని చూసిన వాళ్లంతా ప్రేమకథ అనే అన్నారు. తీసిన దర్శకుడూ దాన్ని ప్రేమకథగానే తీశాడు.

సినిమా పేరు ‘సామ్సన్ అండ్ డెలైలా’. తెలుగు బైబిల్లో ఈ ఇద్దరూ సమ్సోను, దెలీలా. నేనూ ఆ పేర్లే వాడతాను. 2009 కేన్స్ చిత్రోత్సవంలో తొలి సినిమాకిచ్చే ‘కెమెరా దోర్’ బహుమతి దీనికి వచ్చింది. దర్శకుడు వార్విక్ థార్న్‌టన్ 1970లో ఆలిస్ స్ప్రింగ్స్ పట్నంలో పుట్టిన కేటెచ్ తెగ మనిషి. కెమెరా పట్టిందీ ఆయనే. దెలీలాగా మరిస్సా గిబ్సన్, సమ్సోనుగా రోవన్ మెక్‌నమారా నటించారు. ఇద్దరికీ అదే మొదటి సినిమా. ఉన్న కొద్దిపాటి మాటలు చాలావరకు వార్ల్‌పిరి భాషలో ఉంటాయి.

టీనేజి ప్రేమ అనగానే మనకు పాటలు, సైకిళ్లు, కాలేజీ ప్రహరీగోడలు గుర్తొస్తాయి. వయసులో ఉన్న పిల్లలు ఒకరినొకరు చూసుకోవడం గాలి వీచినంత సహజం అనుకుంటాం. కానీ ఆ చూసుకోవడానికి కూడా చరిత్ర ఉంటుంది. ఎవరు ఎవర్ని చూడొచ్చు, చూస్తే ఏమవుతుంది, తప్పు జరిగితే ఎవరి ఒళ్లు హూనమవుతుంది అనేవి కులం, కుటుంబం నిర్ణయించే చోట పుట్టినవాళ్లం. ఇది మనకెవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. మధ్య ఆస్ట్రేలియాలో ఆ నిర్ణయాన్ని దాదాపు అర్ధ శతాబ్దం పాటు ప్రభుత్వమే తన చేతుల్లో పెట్టుకుంది. దెలీలా ప్రేమను అర్థం చేసుకోవాలంటే ముందు అక్కడికి వెళ్లాలి.

1918లో నార్తర్న్ టెరిటరీలో ఆదివాసుల కోసం ఒక ఆర్డినెన్సు వచ్చింది. దాని ప్రకారం ఆదివాసీ పిల్లలకు చట్టం గుర్తించే సంరక్షకుడు తల్లీ కాదు, తండ్రీ కాదు, ‘చీఫ్ ప్రొటెక్టర్’ అనే అధికారి. ఆదివాసీ స్త్రీ ఆదివాసీ కాని మగవాణ్ణి పెళ్లాడాలంటే అనుమతి కావాలి. కాగితం మీద ఎన్ని శిక్షలున్నా పెళ్లి ఊసు లేకుండా తెల్లమగవాళ్లు ఆదివాసీ స్త్రీలను వాడుకోవడం మాత్రం ఆగలేదు. అలా పుట్టిన పిల్లల్ని తల్లుల ఒడిలోంచి తీసుకుపోయి సంస్థల్లో పెట్టారు. 1910 నుంచి 1970 వరకు దేశం మొత్తం మీద ఆదివాసీ పిల్లల్లో పదిమందికి ఒకరి నుంచి ముగ్గురికి ఒకరి దాకా ఇలా ఎత్తుకుపోబడ్డారని 1997 నాటి ‘బ్రింగింగ్ దెమ్ హోమ్’ నివేదిక అంచనా కట్టింది.

1953లో ఇంకో ఆర్డినెన్సు చేశారు. పేరు చూస్తే వెల్ఫేర్, అంటే సంక్షేమం. 1957లో అమల్లోకి వచ్చింది. అందులో జాతి పేరు ఎక్కడా ఎత్తలేదు, తెలివిగా ‘వార్డు’ అన్నారు. ఎంత వయసొచ్చినా ప్రభుత్వం సంరక్షణలో ఉండాల్సిన మైనరు లాంటి మనిషన్నమాట. 15,000కు పైగా ఆదివాసుల పేర్లతో ఒక రిజిస్టరు తయారైంది. జనం దానికి పెట్టిన ముద్దుపేరు ‘స్టడ్ బుక్’. మేలుజాతి పశువుల వంశావళి రాసుకునే పుస్తకానికి ఉండే పేరది. వార్డు కానివాళ్లు వార్డును పెళ్లి చేసుకోవాలంటే వెల్ఫేర్ డైరెక్టరు ఒప్పుకోవాలి. 1959లో గ్లాడిస్ నమగు అనే ఆదివాసీ స్త్రీని పెళ్లాడతానని మిక్ డేలీ అనే తెల్ల పశువుల తోలరి అడిగితే ఆ డైరెక్టరు కుదరదన్నాడు. విషయం పత్రికలకెక్కి దేశమంతా గొడవయ్యాక 1960 జనవరిలో ఆ పెళ్లి జరిగింది. ఒక స్త్రీకి ఎవరు తగినవాడో ఒక ఆఫీసు ఫైలు చూసి చెప్పిన రోజులవి.

ఆ రోజుల్లోనే, ఆ నేల మీదే, ఒక ఆదివాసీ పిల్ల ప్రేమ మొదటిసారి తెరకెక్కింది. 1955లో విడుదలైన ‘జెడ్డా’ ఆస్ట్రేలియాలో రంగుల్లో తీసిన మొదటి కథాచిత్రం. ఆదివాసులు నాయికా నాయకులుగా కనిపించిన మొదటిది కూడా అదే. దర్శకుడు చార్లెస్ షోవెల్ తెల్లవాడు. కథ ఇది. బిడ్డను పోగొట్టుకున్న ఒక తెల్ల పశుక్షేత్ర యజమానురాలు తల్లిలేని ఆదివాసీ పసిపాపను పెంచుతుంది. తన మనుషుల భాష రానివ్వదు, వాళ్లతో కలవనివ్వదు. పియానో నేర్పిస్తుంది. పిల్ల ఎదిగొస్తుంది. ఒకరోజు మార్బక్ అనే ఆదివాసీ వస్తాడు. వాడి పాట ఆ పిల్లను లాగుతుంది. వాడు ఆమెను ఎత్తుకుపోతాడు. అది తప్పు వరస కాబట్టి వాడి తెగ వాణ్ణి వెలివేసి చావు మంత్రం పాడుతుంది. మతి తప్పిన మార్బక్ జెడ్డాను లాక్కుంటూ కొండ అంచు మీద నుంచి పడిపోతాడు. ఇద్దరూ చనిపోతారు.

ఇందులో జెడ్డా కోరిక ఏమిటని ఎవరూ అడగరు. తెల్లతల్లి ఇల్లు ఆమెది కాదు, మార్బక్ తెగా ఆమెది కాదు. రెండు లోకాలకూ మధ్య ఉన్న కొండ అంచు ఒక్కటే ఆమెకు మిగిలింది. ఆదివాసీ పిల్లలో కోరిక మేలుకుంటే అది రక్తంలోంచి వచ్చిన పిలుపు, ఆ పిలుపు చావుకే దారి తీస్తుంది అనేది ఆ సినిమా తీర్పు. 1955లో అదీ కేన్స్‌కి పోటీలో వెళ్లింది.

జెడ్డాగా నటించిన అమ్మాయి ఆలిస్ స్ప్రింగ్స్‌లోని సెయింట్ మేరీస్ హాస్టల్లో ఉండి చదువుకుంటున్న రోజలీ కునోత్. 1937లో యుటోపియా అనే చోట పుట్టింది. తెర మీద ఆమె పేరు రోజలీ అని వెయ్యలేదు, ‘ఆదివాసీతనం’ ధ్వనించాలని కాబోలు ‘ఙార్లా’ అని వేశారు. పరాయి మగవాడు ఒంటి మీద చెయ్యి వెయ్యడమే తప్పయిన ఆచారంలో పెరిగిన పిల్ల చేత, ఒక మగవాడు ఎత్తుకుపోయే దృశ్యాలు చేయించారు. పాత్ర కొండ మీద నుంచి పడి చనిపోయింది గానీ రోజలీ బతికింది. కొన్నేళ్లు క్రైస్తవ సన్యాసినిగా ఉంది, పెళ్లి చేసుకుంది, తన నేలకు తిరిగొచ్చి రాజకీయాల్లోకి వచ్చింది. 2014లో ఒక టీవీ చర్చలో, నన్నొక సమస్యగా చూడటం ఆపండి అన్న అర్థం వచ్చేలా ఆమె గట్టిగా చెప్పిన మాట దేశమంతా విన్నది. 2022లో చనిపోయింది. జెడ్డా కథకు అసలు ముగింపు ఆమె జీవితమేనని నాకనిపిస్తుంది.

తెర మీద ఆ ముగింపును మార్చి రాసింది మాత్రం ట్రేసీ మొఫాట్ అనే ఆదివాసీ చిత్రకారిణి. 1989లో ఆమె తీసిన ‘నైట్ క్రైస్’ పదిహేడు నిమిషాల సినిమా. జెడ్డా కొండ మీద నుంచి పడకుండా బతికుంటే ఎలా ఉండేదో ఊహించింది మొఫాట్. నడివయసొచ్చిన జెడ్డా, మంచాన పడ్డ తెల్లతల్లికి అన్నం తినిపిస్తూ, చక్రాల కుర్చీ తోస్తూ, కాళ్లు కడుగుతూ ఉంటుంది. కళ్లలో ప్రేమ, విసుగు, ద్వేషం, బాధ్యత కలగలిసిపోయి ఉంటాయి. ప్రేమ గురించి మాట్లాడాలంటే ముందు సేవ గురించి మాట్లాడాలని, ఆ సేవ ఎవరు చేస్తున్నారో చూడాలని మొఫాట్ చెప్పింది. ఇరవై ఏళ్ల తరువాత దెలీలా కూడా ఒక చక్రాల కుర్చీ తోస్తూనే మన ముందుకొస్తుంది. తేడా అల్లా ఆ కుర్చీలో కూర్చున్నది ఆమె సొంత మనిషి.

ఈ రెండింటికీ మధ్య ఇంకో స్త్రీ ఉంది. ఆమె లేకపోతే దెలీలా లేదు. ఆమె దర్శకుడి తల్లి ఫ్రీడా గ్లిన్. తల్లుల నుంచి తెచ్చిన పిల్లల్ని ఉంచిన ఆలిస్ స్ప్రింగ్స్ ‘బంగ్లో’లో పెరిగిన తరం ఆమెది. 1980లో మరో ఇద్దరితో కలిసి సెంట్రల్ ఆస్ట్రేలియన్ అబోరిజినల్ మీడియా అసోసియేషన్ (కామా) స్థాపించింది. ఉపగ్రహ టీవీ వస్తోంది, ఎడారి పల్లెల్లోకి పరాయి బొమ్మలు, పరాయి మాటలు వరదలా దిగుతాయి, అప్పటికి మన భాషల్లో మనం మాట్లాడే రేడియో, టీవీ మన చేతుల్లో ఉండాలి అనేది కామా వాళ్ల ఆలోచన. 1988 జనవరిలో ‘ఇంపార్జా’ టీవీ మొదలైంది. అరెర్న్‌టె భాషలో ఆ మాటకు అడుగుజాడలని అర్థం. థార్న్‌టన్ ఆ రేడియోలో పాటలు వేస్తూ, ఆ కెమెరాలు మోస్తూ పని నేర్చుకున్నాడు. రేచల్ పెర్కిన్స్ లాంటి దర్శకురాళ్లూ అక్కడే తయారయ్యారు. ఫ్రీడా కూతురు ఎరికా గ్లిన్ 2018లో తల్లి మీద ఒక డాక్యుమెంటరీ తీసింది. కేన్స్‌లో కొడుకు అందుకున్న బహుమతి వెనక ఒక తల్లి కట్టిన సంస్థ ఉంది. సినిమా చరిత్రలు రాసేవాళ్లు దర్శకుడి పేరుతో మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు కాబట్టి ఈ మాట చెప్పాల్సొస్తోంది.

ఇక సినిమాలోకి వెళ్దాం. దెలీలా రోజు ఎలా గడుస్తుందో థార్న్‌టన్ ఓపిగ్గా చూపిస్తాడు. పొద్దున్నే లేస్తుంది. అమ్మమ్మను లేపుతుంది. (దెలీలా ఆమెను ‘నానా’ అంటుంది. మనం అమ్మమ్మ అనుకుందాం.) మందులు మింగిస్తుంది. చక్రాల కుర్చీలో క్లినిక్కుకు తీసుకెళ్తుంది, రేకుల చర్చికి తీసుకెళ్తుంది. తర్వాత ఇద్దరూ నేల మీద కాన్వాసు పరుచుకుని చుక్కలు పెడుతూ బొమ్మ వేస్తారు. మర్నాడు మళ్లీ అదే. సమ్సోను రోజూ అంతే ఒకేలా ఉంటుంది గానీ అందులో పని లేదు. లేవగానే డబ్బాలో పెట్రోలు పీలుస్తాడు. వరండాలో అన్న బ్యాండు రోజూ అదే పాట వాయిస్తుంది. ఊరి మధ్య పబ్లిక్ ఫోను మోగుతూనే ఉంటుంది, ఎవరూ ఎత్తరు. ఒకే ఊళ్లో ఒకే వయసు పిల్లలిద్దరు. ఒకరికి ఊపిరి సలపని చాకిరీ, ఇంకొకరికి చెయ్యడానికేమీ లేని ఖాళీ. ఆదివాసీ జీవితం విచ్ఛిన్నమైనప్పుడు ఆ విచ్ఛిన్నం ఆడపిల్ల మీదా మగపిల్లాడి మీదా ఒకేలా పడదని చెప్పడానికి ఈ పది నిమిషాలు చాలు.

సమ్సోను ప్రేమ రాయి విసరడంతో మొదలవుతుంది. ఒక రోజు కంగారూను వేటాడి తెస్తాడు. తన పరుపు తీసుకొచ్చి కంచె మీద నుంచి ఆమె వాకిట్లో పడేస్తాడు. దెలీలా దాన్ని తిరిగి బయటికి విసిరేస్తుంది. అమ్మమ్మ మాత్రం పగలబడి నవ్వుతుంది, నీ మొగుడొచ్చాడే అని ఆటపట్టిస్తుంది. ఆ నవ్వు ఊరికే నవ్వు కాదు. వార్ల్‌పిరి సమాజంలో ఎనిమిది వర్గాలుంటాయి, ఇంగ్లీషులో వాటిని ‘స్కిన్’ అంటారు. ఆడవాళ్ల స్కిన్ పేర్లు ‘న’తో, మగవాళ్లవి ‘జ’తో మొదలవుతాయి. చర్మం రంగుతో దీనికి ఏ సంబంధమూ లేదు. ఎవరు ఎవరికి అక్క, ఎవరు అత్త, ఎవర్ని కన్నెత్తి చూడకూడదు, ఎవర్ని పెళ్లాడొచ్చు అనేది పుట్టుకతోనే దీన్ని బట్టి తేలిపోతుంది. ఇంగ్లీషు వాళ్లకు పేజీలు పేజీలు రాస్తే గానీ అర్థంకాని ఈ ఏర్పాటుకు మన దగ్గర మూడక్షరాల మాటుంది: వరస. సమ్సోను దెలీలాకు వరసైనవాడు. అమ్మమ్మ లెక్క అదీ. జెడ్డాలో వరస తప్పడమే చావుకు కారణమైంది. ఇక్కడ వరస కుదిరింది. 1918 నుంచి ఏ అధికారి ఫైలుకూ అందని ఒక లెక్కతో ఒక ముసలామె నవ్వుతూ సంబంధం ఖాయం చేస్తుంది. ఆ అమ్మమ్మ పాత్రలో నటించిన మిచిలీ నపనంగ్కా గిబ్సన్ నిజంగానే చిత్రకారిణి, నిజంగానే మరిస్సాకు అమ్మమ్మ వరస. ఆమె పేరులోని నపనంగ్కా కూడా స్కిన్ పేరే.

అయితే వరస కుదరగానే మురిసిపోవడానికి లేదు. వరస ఎంత ఆదరువో అంత బంధనం కూడా అని మేనరికాల మధ్య పెరిగిన మనకు తెలుసు. దెలీలా పరుపు విసిరెయ్యడాన్ని సిగ్గు అనుకోవడం సులువు. నాకది సమయం లేకపోవడంలా కనిపిస్తుంది. ఆమెకు ప్రేమించే తీరిక లేదు. రాత్రిపూట కారులో కూర్చుని టేప్‌రికార్డర్లో అనా గాబ్రియెల్ అనే మెక్సికో గాయని పాటలు వింటుంది. అర్థం కాని భాషలో ఉన్న ఆ పాట ఒక్కటే ఆ పిల్ల సొంతం.

ఒక తెల్లవారుఝామున అమ్మమ్మ లేవదు. ఊళ్లో ముసలాళ్లు కర్రలతో వచ్చి దెలీలాను చావబాదుతారు. నువ్వు సరిగ్గా చూసుకోలేదు అన్నది నేరం. దెలీలా చాకుతో తన జుట్టు కోసేసుకుంటుంది. వార్ల్‌పిరి వాళ్లలో అది శోకానికి గుర్తు. ఈ దృశ్యాన్ని ఆదివాసీ ఆచారపు క్రూరత్వంగా చూసి నిట్టూర్చేవాళ్లున్నారు. చచ్చేదాకా సేవ చేసిన పిల్లే చావుకు జవాబు చెప్పాల్సి రావడం ఎడారికే పరిమితమా? ఇంట్లో ముసలాళ్లు పోయినప్పుడు, కోడలు సరిగ్గా చూసుకోలేదట అన్న గుసగుస వినపడని ఊరుందా మన దగ్గర? సేవ చేసినంత కాలం ఎవరికీ కనపడదు. ఆగిన రోజున నేరమై కనపడుతుంది.

సమ్సోను కారు దొంగిలించి ఆమెను ఆలిస్ స్ప్రింగ్స్ తీసుకుపోతాడు. ఎండిపోయిన టాడ్ నది వంతెన కింద ఇద్దరూ బతుకుతారు. ఆ వంతెన కింద గోంజో అనే తాగుబోతు ఉంటాడు, ఉన్నదాంట్లో పిల్లలకింత పెడతాడు. ఆ పాత్ర వేసింది దర్శకుడి అన్నదమ్ముడు స్కాట్ థార్న్‌టన్. పట్నంలో ఒక గ్యాలరీ అద్దం వెనక దెలీలాకు అమ్మమ్మ వేసిన బొమ్మ కనిపిస్తుంది. ధర 22,000 డాలర్లు. అమ్మమ్మకు ఆ బొమ్మ కొనుక్కెళ్లిన దళారి ఇచ్చింది చిల్లర డబ్బులు.

ఇది కథకోసం పెంచి చెప్పింది కాదు. 1971లో పపున్యా అనే చోట మగవాళ్లతో మొదలైన ఎడారి చిత్రకళలోకి 1980లలో స్త్రీలు పెద్ద సంఖ్యలో వచ్చారు. జెడ్డా నటి పుట్టిన యుటోపియాకే చెందిన ఎమిలీ కామె ఙ్వారే డెబ్భై ఏళ్లు దాటాక కాన్వాసు మీద బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టింది. 1996లో ఆమె పోయింది. 2007లో ఆమె బొమ్మ ఒకటి పది లక్షల డాలర్లకు పైన పలికింది. అదే ఏడాది క్లిఫర్డ్ పోసమ్ జపల్జారి వేసిన ‘వార్లుగులాంగ్’ 24 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. 1977లో దాని ధర 1,200 డాలర్లు. తిరిగి అమ్మినప్పుడు చిత్రకారులకు 5 శాతం దక్కాలన్న చట్టం 2009లో చేసి 2010లో అమలుచేశారు. అమ్మమ్మ చుక్కలు లోకమంతా తిరుగుతున్నాయి, ఆ చుక్కలు పెట్టిన చెయ్యి పక్కనే కూర్చున్న మనవరాలు వంతెన కింద ఉంది. దెలీలా రంగులు దొంగిలించి తానే ఒక బొమ్మ వేసి హోటళ్ల దగ్గర టేబుల్ టేబుల్‌కీ తిరుగుతుంది. ఒక్కరూ కొనరు.

తరువాతి దృశ్యం గురించి రాయడం కష్టం. ఇద్దరూ రోడ్డు పక్కన నడుస్తుంటారు. సమ్సోను ముందు, దెలీలా వెనక. తెల్లకుర్రాళ్లు కారులో వచ్చి ఆమెను లాక్కుపోతారు. పెట్రోలు మత్తులో ఉన్న సమ్సోను వెనక్కి తిరగడు. నడుస్తూనే ఉంటాడు. అత్యాచారం తెర మీద లేదు. మొహమంతా దెబ్బలతో తిరిగొచ్చిన పిల్ల ఉంది. ఆ తరువాత ఆమె కూడా పెట్రోలు డబ్బా అందుకుంటుంది. మరోసారి అలాగే వెనక నడుస్తుండగా కారు గుద్దుతుంది. అప్పుడూ వాడు తిరిగి చూడడు. మగవాడు ముందు నడవడం, ఆడది వెనక నడవడం అనే మామూలు బొమ్మను ఇంత భయంకరంగా నేనెక్కడా చూడలేదు.

ఈ అత్యాచారం గురించి ఎవరు మాట్లాడాలి? 1989లో డయాన్ బెల్ అనే తెల్ల మానవశాస్త్రవేత్త, టాప్సీ నపురులా నెల్సన్ అనే ఆదివాసీ స్త్రీ కలిసి ఒక వ్యాసం రాశారు. ఆదివాసీ సమూహాల లోపల జరిగే అత్యాచారాల గురించి అందరూ మాట్లాడాల్సిందే అన్నారు. దానికి జాకీ హగిన్స్‌తో పాటు పలువురు ఆదివాసీ స్త్రీలు 1991లో లేఖ రాశారు. మా గురించి మాట్లాడే అధికారం మీకెవరిచ్చారు, మా మగవాళ్లను జైళ్లలో చంపుతున్న రాజ్యం చేతికి మీ మాటలు ఆయుధం కావా అని అడిగారు. మన దగ్గర దళిత స్త్రీలు, ముస్లిం స్త్రీలు స్త్రీవాదాన్ని అడిగిన ప్రశ్నలు గుర్తొస్తున్నాయి కదా?

హగిన్స్ భయపడ్డట్టే అయింది. 2007 జూన్ 21న ఆస్ట్రేలియా ప్రభుత్వం ‘ఇంటర్వెన్షన్’ ప్రకటించింది. పిల్లల మీద లైంగిక హింస గురించి ‘లిటిల్ చిల్డ్రన్ ఆర్ సేక్రెడ్’ నివేదిక వచ్చిన నేపథ్యంలో, 73 ఆదివాసీ సమూహాల మీద సైన్యం సాయంతో దిగారు. జాతివివక్ష వ్యతిరేక చట్టాన్ని పక్కన పెట్టారు. వచ్చే భృతిలో సగం ఎలా ఖర్చుపెట్టాలో ప్రభుత్వమే చెప్పింది. ఊళ్ల మొదట్లో మద్యం, బూతు బొమ్మలు నిషిద్ధమంటూ పెద్ద పెద్ద బోర్డులు పాతారు. ఆ నివేదిక మొదటి సిఫార్సు ఆదివాసులతో నిజంగా సంప్రదించమని. ఆ ఒక్కటీ చెయ్యలేదు. హింస అబద్ధం కాదు. ఆ హింస పేరుతో ఆ స్త్రీల నోరు, వాళ్ల నేల, వాళ్ల చేతిలో డబ్బు అన్నీ ప్రభుత్వం గుప్పిట్లోకి పోవడం కూడా అబద్ధం కాదు. ఆదివాసీ స్త్రీలే రెండుగా చీలారు. జెడ్డాగా నటించిన రోజలీ దాన్ని ఎదిరించింది. ‘నైట్ క్రైస్’లో వయసొచ్చిన జెడ్డాగా నటించిన మార్షియా లాంగ్టన్, పేరున్న మానవశాస్త్రవేత్త, పిల్లలూ స్త్రీలూ బతకాలంటే అది అవసరమంది. ఒకే పాత్రను మోసిన ఇద్దరు స్త్రీలు చెరో వైపు నిలబడ్డారు. ఎవరిది తప్పని తేల్చే హక్కు నాకుందనుకోను.

‘సమ్సోను, దెలీలా’ విడుదలయ్యే నాటికి ఇంటర్వెన్షన్‌కు రెండేళ్లు. సినిమాలో దాని పేరు ఒక్కసారీ రాదు. ఉన్నదల్లా ఎత్తేవాళ్లు లేని ఫోను, మందులిచ్చే క్లినిక్కు, పిల్లను కాపాడని పట్నం. దెలీలాను ఊళ్లో కొట్టింది తనవాళ్లే. పట్నంలో ఎత్తుకుపోయింది తెల్లవాళ్లు. పక్కనే ఉండి చూడనిది తను ప్రేమించినవాడు. హింసనంతా ఒక జాతి మగవాళ్ల మీదికి తోసేసి ఊపిరి పీల్చుకునే అవకాశం ఈ సినిమా ఎవరికీ ఇవ్వదు.

చివరికి దెలీలా తిరిగొస్తుంది. ఆమె చనిపోయిందనుకుని సమ్సోను తన జుట్టు కోసేసుకుని మత్తులో కరిగిపోతుంటాడు. కాలికి కట్టుతో, వాడి అన్నతో కలిసి కారులో వచ్చి వాణ్ణి ఎత్తుకుపోతుంది. ఊళ్లో వాళ్లకు చోటు లేదు. ఎడారిలో తనవాళ్ల నేలకు తీసుకెళ్తుంది. ఒక గాలిమర, ఒక నీళ్ల తొట్టి, ఒక పాడుపడ్డ రేకుల గది. తొట్టిలో కూర్చోబెట్టి వాడి ఒళ్లు తోముతుంది. వేటాడి తెచ్చి పెడుతుంది. మళ్లీ బొమ్మ వెయ్యడం మొదలుపెడుతుంది.

ఈ సినిమాను ఎమ్.ఎ. విద్యార్థులకు చూపించినప్పుడు ఒక అమ్మాయి లేచి, “వాడొక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు కదా మేడమ్, ఆ పిల్ల వాణ్ణి ఎందుకు మొయ్యాలి?” అని అడిగింది. గదిలో ఉన్న ఆడపిల్లలందరి ప్రశ్న అదేనని మొహాలు చూస్తే తెలిసింది. కుష్ఠురోగి భర్తను బుట్టలో పెట్టుకు మోసిన సతి సుమతి కథ వింటూ పెరిగిన మనం ఆ ప్రశ్న అడగాల్సిందే. అత్యాచారం, రోడ్డు ప్రమాదం, వీటన్నిటి తరవాత కూడా ఒక పిల్ల చేతే మగవాడి ఉద్ధారం జరగాలా? ఆమె గాయం కథలో ఎవరు కడిగారు? కారు గుద్దాక ఎవరు కట్టు కట్టారో మనకు చూపించరు. దెలీలా మనసులో ఏముందో మరిస్సా కళ్లు చెప్పినంత కూడా స్క్రిప్టు చెప్పదు. ఇది సినిమా లోపమే అంటాను.

కానీ సుమతికీ దెలీలాకూ ఒక తేడా ఉంది. సుమతి భర్తను మోసుకెళ్లింది ఆయన కోరిన చోటికి. దెలీలా సమ్సోనును తీసుకెళ్లింది తన నేలకు. 1976లో నార్తర్న్ టెరిటరీ భూమి హక్కుల చట్టం వచ్చినప్పుడు, ఈ నేలకు ఎవరు వారసులని చెప్పే సాక్ష్యాలు మొదట్లో ఎక్కువగా మగవాళ్ల దగ్గరే సేకరించారు. అడిగిన లాయర్లు, శాస్త్రవేత్తలు మగవాళ్లు. ఇందాక చెప్పిన డయాన్ బెల్ కేటెచ్, వార్ల్‌పిరి స్త్రీల మధ్య ఉండి 1983లో రాసిన ‘డాటర్స్ ఆఫ్ ద డ్రీమింగ్’, స్త్రీలకు కూడా సొంత క్రతువులు, సొంత స్థలాలు, నేల మీద సొంత బాధ్యత ఉన్నాయని చూపించింది. ఆ స్త్రీలు వేసే చుక్కల బొమ్మలు కూడా చాలావరకు ఆ హక్కు పత్రాలే. అమ్మమ్మ పక్కన కూర్చుని దెలీలా నేర్చుకున్నది బొమ్మలు వెయ్యడం మాత్రమే కాదన్నమాట. ఏ బోరింగు ఎక్కడుందో, ఏ నేల ఎవరిదో, ఎక్కడికి వెళ్తే బతకొచ్చో కూడా ఆ కాన్వాసు మీదే నేర్చుకుంది.

బైబిల్లో న్యాయాధిపతుల గ్రంథం పదహారో అధ్యాయంలో దెలీలా వెండి నాణేలకు ఆశపడి ప్రియుణ్ణి అమ్మేసిన స్త్రీ. ఒక్కో ఫిలిష్తీయుల సర్దారు వెయ్యిన్నూరు నాణేలిస్తానంటాడు. సమ్సోను జుట్టు ఆమె తియ్యిస్తుంది. ఈ సినిమాలో ఒకరి జుట్టు ఇంకొకరు ముట్టుకోరు, ఎవరి శోకానికి వాళ్లే కోసుకుంటారు. డబ్బు కోసం అమ్మింది దళారి, కొన్నది గ్యాలరీ. ఈ దెలీలా ఎవర్నీ అమ్మలేదు, వేసిన బొమ్మను కూడా అమ్ముకోలేకపోయింది. మిషనరీలు ఎడారికి మోసుకొచ్చిన ఒక స్త్రీద్వేషపు కథను, ఆ ఎడారి బిడ్డ ఒకడు ఇలా తిప్పి రాశాడు.

జెడ్డాకూ దెలీలాకూ మధ్య యాభై నాలుగేళ్లున్నాయి. ఆ యాభై నాలుగేళ్లలో వచ్చిన మార్పు ఏమిటని అడిగితే ప్రేమించే స్వేచ్ఛ అని నేను చెప్పను. దెలీలాకు ఆ స్వేచ్ఛ ఇంకా పూర్తిగా లేదు. జెడ్డాకు వెళ్లడానికి చోటు లేక కొండ మీద నుంచి పడిపోయింది. దెలీలాకు వెళ్లడానికి ఒక చోటుంది. దాన్ని సంపాదించిపెట్టింది కోర్టుల్లో సాక్ష్యం చెప్పిన స్త్రీలు, రేడియో స్టేషను కట్టిన తల్లులు, కాన్వాసు పరిచిన అమ్మమ్మలు. ఆ చోట ఆమె ఒక పిల్లాడి ఒళ్లు కడుగుతోంది. వాడు కోలుకున్నాక, ఏదో ఒక పొద్దున ఆమెకు కాలు నొప్పెడితే, వాడు లేచి నీళ్లు తోడతాడా అనేది సినిమా చెప్పదు. మనం అడుగుతూనే ఉండాలి.